అడగడానికీ ఓ హద్దుండేది

మా రోజుల్లో మన సంగతి ఎవరికైనా కావాలంటే మన గుమ్మం దాకా వచ్చి అడగాల్సిందే. వచ్చినవాడెవడో మనకు తెలిసేది. ఎందుకడుగుతున్నాడో సగం వాడి మొహంలోనే కనపడేది. చెప్పాలనిపిస్తే చెప్పేవాళ్ళం. లేకపోతే "ఏదో, మీ దయ వల్ల గడిచిపోతోంది" అని మజ్జిగ గ్లాసు చేతికిచ్చి మాట మార్చేవాళ్ళం. ఇంగితం ఉన్నవాడు అక్కడితో ఆగేవాడు. ఇప్పుడు అడిగేదెవడో తెలియదు. ఎందుకో తెలియదు. చెప్పింది ఎక్కడ రాసుకుంటున్నాడో, ఎవడికి అమ్ముకుంటున్నాడో అసలే తెలియదు. ఫోనులో గడి పక్కన ఎర్రగా ఓ చుక్క గుర్తు పెడతారు. అది నింపితే గానీ కింద బటను పనిచేయదు. పుట్టినరోజు చెప్పు, ఊరు చెప్పు, ఆడో మగో చెప్పు, నీ ఫోనులో ఉన్న బంధుమిత్రుల పేర్లన్నీ చూడనివ్వు. ఇంతా చేసి మనకు కావలసింది ఏమిటంటే రేపు వాన పడుతుందా లేదా అని.

కుర్రాళ్ళు ఏమంటారో నాకు తెలుసు. "మీ రోజుల్లో ప్రైవసీ ఎక్కడుంది తాతయ్యా? ఊళ్ళో అందరికీ అందరి సంగతులూ తెలుసుగా!" అంటారు. తెలుసు, కాదనను. పోస్టుకార్డు మీద రాసింది పోస్ట్‌మాన్ చదివేవాడు. చదువు రాని ఇళ్ళల్లో ఆయన చేతే చదివించుకునేవారు. ఫోను లేనివాళ్ళు ఎదురింటివాళ్ళ నంబరు పీపీ అని ఇచ్చి, కబురొస్తే వాళ్ళ హాల్లో నిలబడి, ఇంటిల్లిపాదీ వింటుండగా మాట్లాడేవారు. టెలిఫోన్ డైరెక్టరీలో పేరు, చిరునామా, నంబరు అచ్చేసి ఫోనున్న ఇంటింటికీ పంచేవారు. రైలు పెట్టె తలుపు పక్కన అంటించిన చార్టులో మన పేరూ వయసూ ఆడో మగో ప్లాట్‌ఫారం మీద పోయేవాడెవడైనా చదువుకునేవాడు. పెళ్ళి చూపుల్లో జీతం ఎంత అని మొహం మీదే అడిగేవారు. ఇవన్నీ మా రోజుల్లోవే.

కానీ తేడా ఎక్కడుందో చూడండి. మన ఉత్తరం చదివిన పోస్ట్‌మాన్ ఎవరబ్బాయో మనకు తెలుసు. ఆయన నోరు జారితే రేపు మన వీధిలోకి తలెత్తుకు రాలేడు. మన ఫోను ఎత్తిన ఎదురింటి పిన్నిగారి సంగతులు నాలుగు మన దగ్గరా ఉండేవి. రైలు చార్టు దిగే స్టేషను దాకానే బతికేది, ఆ తర్వాత చిరిగిపోయేది. ఇంకో ముఖ్యమైన మాట. పోస్ట్‌మాన్‌కి తెలిసింది పచారీ కొట్టాయనకి తెలిసేది కాదు. పచారీ కొట్టాయనకి తెలిసింది డాక్టరుగారికి తెలిసేది కాదు. ఎవరికి తెలిసింది వాళ్ళ దగ్గరే ఉండి, కొన్నాళ్ళకి మరపున పడిపోయేది. ఇప్పుడు అవన్నీ ఒకచోట చేరుతున్నాయి, ఒకే ఫోను నంబరు కింద. ఏం తింటున్నాడు, ఏ మందు వాడుతున్నాడు, ఏ గుడికి వెళ్ళాడు, రాత్రి ఎన్నింటిదాకా మేలుకున్నాడు అన్నీ కలిపి ఓ మనిషి జాతకం తయారవుతోంది. దానికి మరపు లేదు.

నేను బడిపంతులుగా పనిచేశాను. మా పంతుళ్ళకి జనాభా లెక్కల డ్యూటీ పడేది. ప్రశ్నలు అడగడం అంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది. మా శిక్షణలో మొదట చెప్పిన సంగతి ప్రశ్నల గురించి కాదు, గోప్యత గురించి. 1948 నాటి జనగణన చట్టం ప్రకారం మేం రాసుకున్న కాగితాలు చూసే హక్కు ఇంకెవరికీ లేదు. సివిలు కేసుల్లో వాటిని సాక్ష్యంగా పెట్టడానికి వీల్లేదు. ఇంట్లో విన్నది బయట చెప్పిన ఉద్యోగికి శిక్ష ఉంది. అదే చట్టంలో ఇంకో ముచ్చట ఉంది. తన ఇంటి ఆడవాళ్ళ పేర్లు చెప్పి తీరాలని ఎవరినీ బలవంతం చేయకూడదు. ఆచారం ప్రకారం పేరు పలకకూడని వ్యక్తి పేరు, భర్త పేరు, చనిపోయిన భర్త పేరు చెప్పమని ఏ ఆడమనిషినీ ఒత్తిడి చేయకూడదు. మన ఇళ్ళల్లో పెనిమిటి పేరు నోట పలకని ముసలమ్మలు ఎంతమంది ఉండేవారో నా ఈడువాళ్ళకి తెలుసు. దేశం మొత్తాన్ని లెక్కపెట్టడానికి బయలుదేరిన సర్కారు కూడా ఆ తల్లి సిగ్గుకి చట్టంలో చోటిచ్చింది.

ఓ పెద్దావిడ నాకు బాగా గుర్తు. ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు అన్న ప్రశ్న వచ్చింది. ఆవిడ కోడలి వంక చూసి, "కాసిని మంచినీళ్ళు పట్రా అమ్మా" అని లోపలికి పంపింది. కోడలు అటు వెళ్ళగానే, అరుగు మీద ముందుకి జరిగి, మెల్లగా ఓ అంకె చెప్పింది. ఆ అంకె ఇంట్లోవాళ్ళెవరికీ తెలియదని నాకు అర్థమైంది. నేను తలెత్తకుండా రాసుకున్నాను. ఆవిడ నమ్మింది నన్ను కాదు. ఈ పంతులు ఈ కాగితం ఎవరికీ చూపించడన్న నియమాన్ని నమ్మింది. ఆ నమ్మకం ఉన్నచోట మనుషులు నిజం చెబుతారు. ఇప్పుడు జనగణన కూడా మొబైల్ యాప్‌లో జరుగుతుందంటున్నారు. జరగనీండి. ఆ పెద్దావిడకి దక్కిన భరోసా ఆ తెరలో కూడా ఉండాలి, నేను కోరేది అంతే.

ఇక ఇప్పటి సంగతికి రండి. మందుల కొట్టుకి వెళ్ళి బీపీ మాత్రలు అడుగుతాను. "ఫోన్ నంబర్ చెప్పండి అంకుల్" అంటుంది కౌంటర్‌లో అమ్మాయి. ఎందుకమ్మా అంటే "సిస్టమ్ తీసుకోదు అంకుల్" అంటుంది. ఆ పిల్లని అని లాభం లేదు, ఆ పిల్ల జీతం ఆ సిస్టమ్ చేతిలో ఉంది. నా వెనక నిలబడినవాళ్ళంతా నంబరు వింటుంటారు. నా జబ్బూ నా నంబరూ ఆ రోజు నుంచి ఒకే వరుసలో ఉంటాయి. నిజానికి కొనుగోలుదారు నంబరు ఇస్తేనే బిల్లు చేస్తామని పట్టుబట్టకూడదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే వ్యాపార సంఘాలకి చెప్పింది. ఆ మాట కౌంటర్ దాకా రాలేదు. మా రోజుల్లో ఖాతా పుస్తకంలో కూడా "పంతులుగారు" అని రాసుకునేవాడు కొట్టాయన. అప్పు వసూలుకి అంతకంటే ఏం కావాలి?

ఫోనులో టార్చిలైటు సంగతి చెబుతాను. అమెరికాలో ఓ టార్చిలైటు యాప్ ఉండేది. కోట్లమంది దించుకున్నారు. దాని పని దీపం వెలిగించడం, అంతే. అది వాడేవాళ్ళు ఎక్కడెక్కడ తిరుగుతున్నారో, ఫోను గుర్తింపు సంఖ్యతో సహా, ప్రకటనల కంపెనీలకి అందించింది. "ఒప్పుకుంటారా?" అని తెర మీద అడుగుతూనే, మనిషి జవాబివ్వకముందే పంపడం మొదలుపెట్టింది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2013లో దాన్ని పట్టుకుంది. చీకట్లో తోవ చూపించమంటే తోవంతా రాసుకుని అమ్ముకున్నారు. టార్చిలైటు అడగాల్సినవి బ్యాటరీలు. అంతకుమించి దానికి మనతో ఏం పని?

ఇది దూరదేశపు కథ అనుకోకండి. 2020 చివర్లో మన రెండు రాష్ట్రాల్లో లోన్ యాప్‌లు ఏం చేశాయో చూశాం. నాలుగైదు వేల అప్పు కోసం పిల్లలు యాప్ దించుకున్నారు. దించుకునేటప్పుడు కాంటాక్టులు, ఫోటోలు చూడటానికి అనుమతి అడిగితే నొక్కేశారు. వాయిదా ఒక్కటి తప్పగానే ఆ పేర్లన్నిటికీ మెసేజ్‌లు వెళ్ళాయి. అమ్మకీ, మేనమామకీ, ఆఫీసులో పై అధికారికీ "వీడు దొంగ" అని పంపారు. ఫోటోలు మార్చి పంపారు. పరువు పోయిందని ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. హైదరాబాదు పోలీసులు కేసులు పెట్టారు, అరెస్టులు చేశారు. చివరికి 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, అప్పులిచ్చే యాప్‌లు ఫోనులోని ఫైళ్ళు, కాంటాక్టులు, కాల్ వివరాల జోలికి పోకూడదని స్పష్టంగా రాసింది. మా రోజుల్లో వడ్డీ వ్యాపారి మంచివాడని నేననను. గుమ్మంలో నిలబడి కేకలేసేవాడు. కానీ వాడి కేక ఆ వీధి చివరిదాకానే వినపడేది. మన పెళ్ళాం పుట్టింటివాళ్ళ నంబర్లు వాడి జేబులో ఉండేవి కాదు.

ఆడో మగో అన్న గడి గురించి కూడా చెప్పాలి. చాలామందికి అది చిన్న ప్రశ్నలా కనపడుతుంది. దాచాల్సిందేముంది అంటారు. ఏ స్కానింగ్ సెంటర్‌కైనా వెళ్ళి గోడ వంక చూడండి. ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు, కడుపులోని బిడ్డ ఆడో మగో చెప్పడం నేరం అని బోర్డు ఉంటుంది. అందుకోసం 1994లో చట్టమే చేయాల్సి వచ్చింది. ఆ ఒక్క ముక్క బయటపడితే పుట్టబోయే పిల్లకి బతుకు ఉండదని తెలిసి చేసిన చట్టం అది. పుట్టిన తర్వాత మాత్రం ఆ ముక్క ప్రమాదం లేనిదైపోతుందా? 2017లో ఉత్తరప్రదేశ్‌లో రీచార్జి కొట్లలో ఆడపిల్లల నంబర్లు అమ్ముతున్నారని పత్రికల్లో వచ్చింది. అందంగా ఉన్న పిల్ల నంబరుకి ఎక్కువ ధర. కొన్నవాళ్ళు రాత్రీ పగలూ ఫోన్లు చేసి వేధించారు. ఒక నంబరుకి "ఆడ" అన్న మాట జతపడితే జరిగేది అది. మా మనవరాలు కొత్త యాప్ ఏది దించుకున్నా ఆ గడి దగ్గర ఆగి, చెప్పక్కర్లేదన్న ఆప్షన్ ఉందా అని వెతుకుతుంది. ఆ పిల్లది చాదస్తం కాదు, అనుభవం.

ఆడా మగా అన్న రెండు గడుల్లో ఇమడనివాళ్ళకి ఆ ప్రశ్న ఎంత బరువో ఇంకా ఆలోచించాలి. ఇక్కడ మా రోజుల్ని నేను వెనకేసుకురాను. నిజాం కాలంలో, 1329 ఫసలీలో, అంటే 1919లో హైదరాబాదు సంస్థానం ఓ చట్టం చేసింది. నగరంలో ఉండే హిజ్రాల్లో తాము అనుమానించినవాళ్ళ పేర్లూ చిరునామాలూ సర్కారు ఓ రిజిస్టర్లో రాసిపెట్టుకోవచ్చు. ఆ రిజిస్టర్లో ఉన్నవాళ్ళు చీర కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనపడితే, పాడినా ఆడినా, వారంటు లేకుండా పట్టుకుపోవచ్చు. రెండేళ్ళదాకా జైలు. సంస్థానం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. ఆ చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. మనిషి స్వకీయ జీవితంలోకి చొరబడటం, గౌరవాన్ని దెబ్బతీయడం అంది. నూరేళ్ళకు పైగా పట్టింది.

ఆ రిజిస్టరు గుర్తుంటే, ఇవాళ ప్రతి యాప్ ఆ గడి ఎందుకు పెడుతోందని అడగాలనిపిస్తుంది. తాను ఎవరో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు హిజ్రాల హక్కుల మీద వచ్చిన నల్సా కేసులో చెప్పింది. చెప్పుకునే హక్కు ఉందంటే చెప్పకుండా ఉండే హక్కూ ఉన్నట్టే. ఇల్లు అద్దెకి వెతుక్కునే పిల్ల, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునే పిల్లాడు ఆ ముక్క ఎప్పుడు, ఎవరికి, ఎంత చెప్పాలో తామే తేల్చుకోవాలి. ఆ పని వాళ్ళ బదులు ఓ ఫారం చేయకూడదు.

అవసరం ఉన్నచోట అడగొద్దని నేననడం లేదు. మన రైలు రిజర్వేషన్ ఫారంలో వయసూ లింగమూ అడుగుతారు. కారణం ఉంది. మహిళల కోటా ఉంది, నలభై అయిదు దాటిన ఆడవాళ్ళకీ పెద్దవాళ్ళకీ కింద బెర్తు ఇవ్వడానికి ఆ లెక్క కావాలి. డాక్టరుగారు అడిగితే చెప్పాలి. ఫ్రాన్సులో జరిగింది వేరు. అక్కడ రైల్వే వెబ్‌సైటులో టికెట్ కొనాలంటే శ్రీమతి అనో శ్రీ అనో ఎంచుకుని తీరాల్సి వచ్చేది. ఓ సంఘం వాళ్ళు ఎదురుతిరిగారు. మా టికెట్‌కీ మా ఆడతనం మగతనానికీ ఏం సంబంధం అన్నారు. అక్కడి సమాచార రక్షణ సంస్థ వాళ్ళ ఫిర్యాదు కొట్టిపారేసింది. వాళ్ళు వదల్లేదు. 2025 జనవరి 9న ఐరోపా సమాఖ్య న్యాయస్థానం, రైలు టికెట్ అమ్మడానికి ఆ వివరం అక్కర్లేదని తేల్చింది. మర్యాదగా ఉత్తరం రాయడానికి అడుగుతున్నామన్న సమాధానం చెల్లలేదు. అందరికీ సరిపోయే పలకరింపు రాస్తే పోతుందిగా అంది కోర్టు. ఓ చిన్న గడి కోసం అన్నేళ్ళు పోరాడినవాళ్ళకి నేను దణ్ణం పెడతాను.

ఇదంతా పడమటి దేశాల నుంచి వచ్చిన కొత్త పిచ్చి అనేవాళ్ళున్నారు. వాళ్ళకి రాజమండ్రి నుంచి సుప్రీంకోర్టు జడ్జిగా వెళ్ళిన కోకా సుబ్బారావు గారిని గుర్తుచేస్తాను. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అని ఒకాయన. దోపిడీ కేసులో పట్టుకున్నారు, ఆధారాల్లేక వదిలేశారు. వదిలేసినా పోలీసులు ఆయన పేర ఓ చిట్టా తెరిచి, అర్ధరాత్రి తలుపు కొట్టి ఉన్నాడో లేడో చూసిపోయేవారు. ఎక్కడికి వెళుతున్నాడో, ఎవరొస్తున్నారో రాసుకునేవారు. కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1962 డిసెంబరులో ఎక్కువమంది జడ్జీలు రాత్రిపూట తలుపు కొట్టడం తప్పన్నారు గానీ, ఏకాంత హక్కు అంటూ రాజ్యాంగంలో లేదన్నారు. సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. ఏకాంతం లేనిదే వ్యక్తి స్వేచ్ఛ లేదనీ, నీడలా వెంటపడి చూస్తుంటే ఆ మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదనీ విడిగా తీర్పు రాశారు. ఇంకో జడ్జి షా గారు ఆయనతో కలిశారు. మిగతావాళ్ళ మాటే నెగ్గింది. ఆ తర్వాత ఎనభై ఆరేళ్ళ వయసులో, 2012లో, కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి పుట్టస్వామి గారు ఆధార్ మీద కేసు వేశారు. దాంట్లోంచి పుట్టిన ప్రశ్న మీదే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా, ఏకాంతం ప్రాథమిక హక్కేనన్నారు. సుబ్బారావు గారి మాట నిలబడింది. అర్ధరాత్రి తలుపు కొట్టే కానిస్టేబులు ఇప్పుడు అక్కర్లేదు. మనం ఎక్కడున్నామో చెప్పే ఫోను మన తలకిందే ఉంటోంది.

చట్టం కూడా వచ్చింది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో ఓ ఉదాహరణ ఇచ్చారు. డాక్టరుతో ఫోనులో మాట్లాడించే యాప్ ఒకటుందనుకోండి. వైద్యానికి కావలసిన వివరాలతో పాటు మీ కాంటాక్టులు కూడా చూస్తానంటుంది. మీరు రెండింటికీ సరే అన్నారు. అయినా ఆ ఒప్పుదల వైద్యం వరకే చెల్లుతుంది, కాంటాక్టుల మాట చెల్లదు అంటుంది చట్టం. ఎందుకంటే వైద్యానికి అవి అక్కర్లేదు. ఎంత మంచి మాట! మనిషి తెలియక నొక్కినా, అక్కర్లేనిది తీసుకునే హక్కు అవతలివాడికి రాదు. అయితే అదే చట్టంలో కేంద్రం తనకు కావలసిన ప్రభుత్వ సంస్థల్ని ఈ కట్టుబాటు నుంచి తప్పించే వీలు పెట్టుకుంది. అది నాకు నచ్చలేదు. జనగణనలో మా చేతులు కట్టేసిన సర్కారు, తన చేతులు ఎందుకు విప్పుకుంటోంది?

ఇవాళ ఈ యాప్‌లు రాస్తున్నవాళ్ళలో చాలామంది ఎవరో కాదు, మన పిల్లలే. గచ్చిబౌలిలో, మాదాపూర్‌లో, అమెరికాలో కూర్చుని రాస్తున్నారు. నా దగ్గర చదువుకున్నవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. వాళ్ళకి నేను చెప్పేది ఒకటే. ఫారంలో ఓ గడి పెట్టేముందు అది ఎందుకో పక్కన ఓ వాక్యం రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే గడి తీసేయండి. "మార్కెటింగ్‌కి పనికొస్తుంది" అన్నది కారణం కాదు. లింగం అడగక తప్పదనుకుంటే, చెప్పను అనే వీలు పెట్టండి, చెప్పనన్నవాళ్ళని ఆపకండి. పని అయిపోయాక తీసుకున్నది చెరిపేయండి.

నా ఈడువాళ్ళకీ ఓ మాట. "మన దగ్గర దాచుకోవడానికేముంది" అని ఊరికే నంబరు చెప్పేయకండి. మీ ఫోనులో మీ సంగతులే కాదు, మీ కూతురి నంబరు ఉంది, కోడలి ఫోటోలున్నాయి, మిమ్మల్ని నమ్మి చెప్పుకున్న పక్కింటావిడ మెసేజ్ ఉంది. కౌంటర్ దగ్గర "ఎందుకమ్మా?" అని అడగండి. ఆధార్ జిరాక్సు అడిగితే చివరి నాలుగంకెలు మాత్రమే కనపడే కాపీ ఇవ్వండి. యాప్ కాంటాక్టులు అడిగితే వద్దని నొక్కండి. విసుక్కుంటారు, విసుక్కోనీండి. అడిగేవాడు కారణం చెప్పాలి. చెప్పలేనివాడికి మనం జవాబు బాకీ లేం.